నేను ముట్టుకోని బంతి

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి ఏడాది, నవంబరు నెలలో, సింగపూర్‌లో జరిగిన మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటుకు సుప్రజ, నేను డబుల్స్ జంటగా పేర్లిచ్చాం. సింగపూర్ నాకు సొంత ఊరు. ఇక్కడి ఆంగ్ మో కియో పేటలో పుట్టి పెరిగాను. మా ముత్తాత విశాఖ తీరం నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. మా ఇంట్లో మాట్లాడే తెలుగులో ఇప్పటికీ ఆ తీరం యాస ఉంది, దానికి తోడు తమిళం, మలయ్ మాటలు చేరాయి. పద్నాలుగేళ్లు దేశాలు పట్టుకుని తిరిగిన నాకు, పొద్దున్నే మా నాన్న చేతి కాఫీ తాగి, ట్రైనెక్కి మ్యాచ్‌కు వెళ్లే అదృష్టం చాలా అరుదుగా దొరికింది.

నేను డబుల్స్ స్పెషలిస్టుని. వృత్తిలో మొదటి మూడేళ్లు తప్ప ఎన్నడూ సింగిల్స్ ఆడలేదు. సింగిల్స్‌లో నెగ్గుకురాలేనివాళ్లే ఇటు వస్తారని చాలామంది అనుకుంటారు. ఆ మాట నా మొహం మీదే అన్నవాళ్లూ ఉన్నారు. బంధువుల ఇళ్లలో పెళ్లికి వెళ్తే చాలు, ఎవరో ఒక ఆంటీ నా భుజం తట్టి, ఒక్కదానివే ఆడితే పేరంతా నీకే వస్తుంది కదా అనేది. మృదంగం వాయించేవాణ్ణి పట్టుకుని నువ్వెందుకు పాడవని అడిగినట్టుండేది నాకు. మొదట్లో ఓపికగా వివరించేదాన్ని. తర్వాత నవ్వి ఊరుకుని, పాయసం రెండోసారి వడ్డించుకునేదాన్ని.

ఈ వృత్తిలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆడటం ఎంత పనో, జంట కుదుర్చుకోవడం కూడా అంతే పని. టోర్నమెంటులో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. ఆ మొత్తం ఎంత తక్కువైతే చోటు అంత ఖాయం. అందుకని ప్రతి సోమవారం ర్యాంకులు రాగానే ప్రపంచమంతటా ఫోన్లు మోగుతాయి. ఫలానా వారం ఖాళీగా ఉన్నావా అని ఒకరినొకరు అడుగుతారు. మంచి ర్యాంకున్న మనిషి దొరికితే పాత జోడీకి ఫోన్ చేసి చెప్పేసి వెళ్లిపోతారు. దాన్ని మా వృత్తిలో ద్రోహం అనరు. నాతో రెండేళ్లు ఆడిన అమ్మాయి అలాగే వెళ్లింది. వెళ్లే ముందు నాకు భోజనం కూడా పెట్టించింది.

ఆ ఖాళీలోకి వచ్చింది సుప్రజ. వరంగల్ పిల్ల, నాకంటే పదకొండేళ్లు చిన్నది. సర్వీసు అంతంతమాత్రం, కానీ ఎదుటివాళ్ల సర్వీసును తిప్పికొట్టడంలో దానికి సాటి వచ్చేవాళ్లను నేను కొద్దిమందినే చూశాను. లోపమల్లా ఒకటే. స్కోరు బిగుసుకుంటే చేతులూ బిగుసుకునేవి. ఆ ఏడాది జూన్ నుంచి కలిసి ఆడుతూ ఇద్దరం ర్యాంకుల్లో పైకి వచ్చాం.

ఆ వారం మాకు ఏం కావాలో స్పష్టంగా తెలుసు. జనవరిలో జరిగే గ్రాండ్‌స్లామ్‌కు డబుల్స్ జాబితా ఈ టోర్నమెంటు తర్వాతి ర్యాంకులతోనే తయారవుతుంది. లెక్క చూసుకుంటే మేము ఫైనల్‌కు చేరితే లోపల, సెమీఫైనల్లో ఓడితే బయట. నా పద్నాలుగేళ్ల వృత్తిలో గ్రాండ్‌స్లామ్ ప్రధాన డ్రాలో, అంటే అసలు పోటీ జాబితాలో, నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి, ప్రత్యామ్నాయ జంటగా సంతకం పెట్టి, ఎవరైనా తప్పుకుంటారేమోనని బ్యాగు సర్దుకుని కూర్చుని, తిరిగి వచ్చేశాను. నా కుడి భుజానికి అప్పటికే రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంకో పూర్తి సీజన్ ఆ భుజం మోయదని డాక్టరు చెప్పేశారు. అంటే నాకు మళ్లీ ఇంకో నవంబరు లేదు. ఈ సంగతి సుప్రజకు తెలుసు. తెలిసినందువల్ల ఆ పిల్ల నాకంటే ఎక్కువ భయపడింది.

సెమీఫైనల్లో మా ప్రత్యర్థులు యూరప్ జంట. ఒకామె పొడగరి, ఎడమచేతి వాటం. ఆమె జోడీ నెట్ దగ్గర పులి. ఎడమచేతి వాటం సర్వీసు గురించి ఒక మాట చెప్పాలి. నేను ఎప్పుడూ కోర్టులో ఎడమ సగంలో నిలబడి సర్వీసు అందుకునేదాన్ని, సుప్రజ కుడి సగంలో. ఎడమచేతివాళ్లు ఎడమ సగానికి కోసి కొట్టిన బంతి, నాలాంటి కుడిచేతివాళ్ల బ్యాక్‌హ్యాండ్‌కు దూరంగా, కోర్టు బయటికి జారిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే పక్క కోర్టువాళ్లను పలకరించి రావాలి. ఈలోపు నెట్ దగ్గర ఉన్న మనిషి అడ్డంగా దాటి వచ్చి, మన బలహీనమైన బంతిని మన కాళ్ల దగ్గర పాతిపెడుతుంది.

డబుల్స్‌లో నలభై-నలభై అయితే ఒకే ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. దాన్ని నిర్ణాయక పాయింటు అంటాం. ఆ పాయింటులో సర్వీసు ఎవరు అందుకోవాలో ఎంచుకునే హక్కు అందుకునే జంటదే. ఇది నిబంధన. ఇక ఆచారం ఏమిటంటే, జంటలో సీనియరే దాన్ని తీసుకుంటుంది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరూ పాటిస్తారు. పెద్దరికం అన్నమాట. ఆ సీజనంతా నేనే తీసుకున్నాను. మొదటి సెట్‌లో అలాంటివి రెండు వచ్చాయి. రెండూ నేనే తీసుకున్నాను. రెండుసార్లూ ఆ పొడగరి ఒకేలా సర్వీసు చేసింది, నెట్ మనిషి ఒకేలా దాటింది, రెండూ పోయాయి. సెట్ 4-6తో పోయింది.

రెండో సెట్ కూడా అదే దారిలో నడిచింది. 4-5 దగ్గర పొడగరి మ్యాచ్ కోసం సర్వీసుకు వచ్చింది. కిందామీదా పడి నలభై-నలభై దాకా లాక్కొచ్చాం. అంటే వాళ్లకది మ్యాచ్ పాయింటు, మాకు ఊపిరి. ఛైర్ అంపైర్ నిర్ణాయక పాయింటని ప్రకటించి, ఎంపిక మీదే అన్నట్టు మావైపు చూసింది. నేను అలవాటుగా ఎడమవైపు నడవబోయాను. సరిగ్గా అప్పుడు పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది.

సింగపూర్‌లో మధ్యాహ్నం ఆట ఆడేవాళ్లకు ఇది కొత్త కాదు. సైరన్ మోగితే పాయింటు మధ్యలో ఉన్నా రాకెట్ దించి లోపలికి వెళ్లాల్సిందే. మళ్లీ మొదలైనప్పుడు అదే స్కోరు, అదే సర్వీసు. ఓటమికి ఒక్క పాయింటు దూరంలో నిలబెట్టి, పోయి కాసేపు కూర్చోండి అన్నారన్నమాట. ఇంతకంటే పెద్ద శిక్ష నా వృత్తిలో నేనెరగను.

వాన కుండపోతగా కురిసింది. ప్రేక్షకులూ మేమూ ఒకే కప్పు కింద చేరాం, మధ్యలో ఒక తాడు మాత్రమే ఉంది. వేరే దేశాల్లో తెలుగు మాకు గొప్ప ఆయుధం. మిగతా జంటలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడుతుంటే, మేం దర్జాగా గట్టిగానే మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ ఆ పప్పులుడకలేదు. స్టాండ్స్‌లో సగం మంది మనవాళ్లే. మాటలన్నీ వాళ్లకు వినపడతాయి, పైగా ప్రతివారికీ ఒక సలహా ఉంటుంది. బెడోక్ పేట నుంచి వచ్చిన ప్రసాద్ అంకుల్, బ్యాంకు ఉద్యోగి, గుంటూరాయన, తాడు మీదుగా వంగి మరీ చెప్పాడు.

“అమ్మా దమయంతీ, ఈ పాయింటు నువ్వే తీసుకోవాల! చిన్నపిల్ల నెత్తిన పెట్టమాక!”

ఆయన వెనక ఇంకో నలుగురు తలలూపారు. మా నాన్న మాత్రం ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇద్దరికీ ఇచ్చాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. వెనక కూర్చున్నవాళ్ల సలహాలు ఆయనకు కొత్త కావు.

సుప్రజ గోడ వైపు తిరిగి కూర్చుంది. కాఫీ ముట్టలేదు.

“అక్కా, నువ్వే తీస్కో. నాతోని కాదు. ఇందాక గూడ నెట్టుకే కొట్టిన. నా చేతిల నీ గ్రాండ్‌స్లామ్ పోతే నేను తట్టుకోలేను” అంది.

ఆచారం నావైపే ఉంది, జనం నావైపే ఉన్నారు, సుప్రజ కూడా నావైపే ఉంది. నేను తీసుకుని ఓడిపోయినా ఎవరూ వేలెత్తి చూపరు. పాపం, పెద్దమనిషి తన బరువు తానే మోసింది అంటారు. ఆ మాట ఊహించుకుంటే హాయిగానే ఉంది. అందుకే నాకు అనుమానం వచ్చింది. ఓడిపోయాక ఎంత మర్యాదగా కనిపిస్తామో ముందే ఆలోచిస్తున్నామంటే, గెలుపు గురించి ఆలోచించడం మానేశామన్నమాట.

ఆమెను మాటల్లో పెడదామని ఇంటి సంగతులు అడిగాను. ఆట ఎవరు నేర్పారంటే అన్న అంది. ఎలా ఆడతాడంటే, తలెత్తకుండానే చెప్పింది.

“మా అన్నది ఎడమ చెయ్యే అక్కా. చిన్నప్పటి సంది ఆయన సర్వీసే ఆడుకుంట పెరిగిన. ఆయనకు గెలుసుడు ఇష్టం, నాకేమో ఆయన్ని ఏడిపిచ్చుడు ఇష్టం.”

అయిదు నెలలు కలిసి ఆడాం, కలిసి తిన్నాం, ఒకే గదిలో పడుకున్నాం. ఈ ముక్క నాకు తెలియదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆ మ్యాచ్‌ని మళ్లీ మొదటి నుంచి గుర్తు చేసుకున్నాను. పొడగరి సర్వీసుకు నేను చేతులెత్తేసిన మాట నిజమే, కానీ సుప్రజ కుడివైపు నుంచి దాదాపు ప్రతి బంతినీ తిప్పికొట్టింది. ఇందాక నెట్‌కు తగిలినదొక్కటే దానికి గుర్తుంది, మిగతావన్నీ మరిచిపోయింది. నెట్ దగ్గరి పులి మాత్రం ఏదీ మరిచిపోదు. రెండు నిర్ణాయక పాయింట్లలోనూ అడ్డంగా దాటి గెలిచింది. రెండుసార్లు కలిసొచ్చిన ఎత్తును మ్యాచ్ పాయింటులో మార్చుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. నాకూ ఉండదు. కాబట్టి మూడోసారీ దాటుతుంది. దాటితే, అంతవరకూ ఆమె కాపలా కాసిన, సుప్రజకు ఎదురుగా ఉండే కుడి అంచు ఖాళీ అవుతుంది.

సుప్రజ చెవిలో చాలా నెమ్మదిగా చెప్పాను. ప్రసాద్ అంకుల్ మెడ సాచినా వినపడలేదు. “నువ్వే తీసుకుంటున్నావు. ఆమె దాటుతుంది. ఆమె వదిలిపెట్టిన చోటికి, గీత వెంబడి నేరుగా కొట్టు. ఆమెను దాటించే పని నాది.”

“దాటకపోతే?”

“దాటకపోతే బంతి నేరుగా ఆమె రాకెట్ మీదకే పోతుంది. మ్యాచ్ అయిపోతుంది. అప్పుడు తప్పు నాది, చెప్పింది నేను కాబట్టి. నువ్వు మీ అన్నను ఏడిపించే పని చూడు.”

వాన తగ్గింది. కోర్టు తుడిచారు. నిబంధన ప్రకారం కాసేపు వార్మప్ ఇచ్చారు. అంపైర్ మళ్లీ స్కోరు చెప్పి మావైపు చూసింది. నేను సుప్రజను చేత్తో చూపించి, నెట్ వైపు నడిచాను. స్టాండ్స్‌లో ఒక్కసారిగా “అయ్యో” వినిపించింది. తెలుగులోనే. ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

సర్వీసు అందుకునే మనిషి జోడీ మామూలుగా కోర్టు మధ్యలో, సర్వీసు గీత దగ్గర నిలబడుతుంది. బంతి తిరిగి మీదకు వస్తే కాచుకోవడానికి అది క్షేమమైన చోటు. నేను మొదట అక్కడే నిలబడ్డాను. పొడగరి బంతిని పైకి ఎగరేసిన క్షణంలో రెండు అంగలు ముందుకు వేసి, నెట్ మీదకు, మధ్యకు వంగాను. రాకెట్ పైకెత్తాను. మా పిల్ల అడ్డంగా కొడుతుంది, దాని తర్వాతి బంతి నాదే అని ఎదుటి మనిషికి చెప్పడమన్నమాట. నెట్ మనిషి కళ్లు నావైపు తిరిగాయి. నాకంటే ముందే మధ్యలోకి వెళ్లి ఆ అడ్డం బంతిని పట్టేయాలనుకుంది. దాటింది.

సర్వీసు మధ్య గీత మీదకు, సుప్రజ బ్యాక్‌హ్యాండ్ వైపు కోసుకుంటూ వచ్చింది. వాళ్ల అన్న పెరట్లోనో, కోర్టులోనో ఎన్ని వందలసార్లు కొట్టిన బంతో అది. రెండు చేతులతో, తల కదల్చకుండా కొట్టింది. బంతి నా కుడి పక్కగా, నాకు చాలా దూరంగా వెళ్లింది. నెట్ మనిషి ఒక కాలు గాలిలో ఉండగానే వెనక్కి తిరగబోయి ఆగిపోయింది. బంతి గీత లోపల పడి, వెనక తెరకు తగిలి, కింద పడి దొర్లింది.

నేను బంతిని ముట్టుకోలేదు. నా జీవితంలో నేను ఆడిన అత్యుత్తమ పాయింటు అది. ఈ మాట చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. పొడగరి ఆ పాయింటును మనసులోంచి తీసేయలేకపోయింది. సెట్ 7-5తో మాకు వచ్చింది. మూడో సెట్‌కు బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేక్‌లో సుప్రజ సర్వీసు కూడా బాగుపడింది, మ్యాచ్ మాదైంది. చేతులు వదులుగా ఉంటే ఆ పిల్ల ఎలా ఆడుతుందో ఆ పావుగంట చూశాను. ఫైనల్లో ఓడిపోయాం. అయినా లెక్క సరిపోయింది. తర్వాతి నెలలో గ్రాండ్‌స్లామ్ జాబితా వచ్చినప్పుడు, చివరి నుంచి మూడో వరుసలో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి.

సెమీఫైనల్ మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో సుప్రజ రెండు పిడికిళ్లూ బిగించి అరుస్తోంది. ఫొటో అంచున ఒక మోచెయ్యి ఉంది. అది నాది. ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంటు బ్లాక్ కింద కాఫీ షాపులో నాన్న ఆ ఫొటోను ఫోన్లో దగ్గరికి, దూరానికి జరిపి చూశాడు.

“ఏటమ్మా, అంత పెద్ద బంతి నువ్వు కొట్టలేదేటి? భయమేసిందా?”

బల్ల మీద ఉన్న సోయా సాస్ సీసాను, చిల్లీ సాస్ సీసాను ప్రత్యర్థులుగా నిలబెట్టాను. మా ఇద్దరికీ రెండు చెంచాలు పెట్టాను. చిల్లీ సీసాను నేనెలా కదిలించానో, ఖాళీ ఎక్కడ వచ్చిందో వరసగా చూపించాను. నాన్న రెండుసార్లు మళ్లీ చూపించమన్నాడు. మూడోసారి తనే కదిపి చూసుకున్నాడు. పక్క బల్ల దగ్గరి ఆయన చిల్లీ సీసా అడిగితే కూడా ఇవ్వలేదు.

“సెప్పు మరి. పేపరోళ్లకి ఈ సీసాల సంగతి సెప్పలేదేటి నువ్వు?” అన్నాడు చివరికి. ఆయన గొంతులో కోపం ఉంది. నా తరఫున ఒకరికి కోపం రావడం అంత సంతోషంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

జనవరిలో గ్రాండ్‌స్లామ్ ఆడాం. మొదటి రౌండ్. ఎక్కడో మూలనున్న కోర్టు, చుట్టూ నాలుగు వరుసల కుర్చీలు. నా పేరు ప్రధాన డ్రాలో పడింది, అంపైర్ దాన్ని మైక్‌లో పలికింది, నేను విన్నాను. మొదటి సెట్ వాళ్లది, రెండోది మాది. అక్కడ పూర్తిగా ఆడించే మూడో సెట్‌లో, వాళ్లకు మ్యాచ్ పాయింటుగా, మళ్లీ ఒక నిర్ణాయక పాయింటు వచ్చింది. ఈసారి ఎదురుగా ఉన్నది కుడిచేతి మనిషే, ఎడమవైపు నేను బాగానే ఆడుతున్నాను. అయినా ఆ రోజు ఆ సర్వీసును నాకంటే సుప్రజ బాగా చదువుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. ఆమె కుడివైపు వెళ్లింది, నేను నెట్ దగ్గరికి వెళ్లాను. బంతి వేలెడు దూరంలో గీత బయట పడింది. మ్యాచ్ పోయింది. ఆ సీజన్ మధ్యలోనే భుజం మొరాయించి నేను ఆట మానేశాను. సుప్రజ ఇప్పటికీ ఆడుతోంది, ఇప్పుడు తన జంటలో సీనియర్ తనే.

నేను ఇప్పుడు ఇక్కడే డబుల్స్ నేర్పుతున్నాను. గ్రాండ్‌స్లామ్‌లో ఆ నిర్ణాయక పాయింటు సుప్రజకు ఎందుకు ఇచ్చేశారని కొందరు ఇప్పటికీ అడుగుతుంటారు. సింగపూర్‌లో ఇచ్చింది సరైనదైతే అక్కడ ఇచ్చిందీ సరైనదే. ఒకటి గీత లోపల పడింది, ఒకటి బయట పడింది, అంతే తేడా. ముఖ్యమైన బంతి పెద్దవాళ్లది కాదు, ఆ పూట దాన్ని బాగా కొట్టగలిగినవాళ్లది. అదెవరో తేల్చి, ఆ చేతికి ఆ బంతి అందేలా చూడటమే నా వృత్తి. ఆ పని నాకు బాగా వచ్చు.